రెండో బ్రేకు

డ్రైవింగ్ స్కూలు కారులో బ్రేకులు రెండుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, రెండోది పక్క సీట్లో కూర్చుని నేర్పేవాళ్ళ కాలి కింద. ఈ రెండోది ఆపద్ధర్మానికి పెట్టింది. ఎప్పుడో అవసరం పడితే పడుతుంది, లేకపోతే దుమ్ము పట్టి అలా పడుంటుంది. కానీ మన మేడమ్ కారులో సంగతి వేరు. అందులో మొదటి బ్రేకు కొన్ననాటిలాగే నిగనిగలాడుతూ ఉండేది, రెండోదే అరిగిపోయేది. దాని రబ్బరు తొడుగు ఎన్నిసార్లు మార్చాడో ఆ మెకానిక్కుకే తెలియాలి.

అందుకే అందరూ ఆమెని బ్రేకు మేడమ్ అనేవారు. ఎదురుగా కాదు, చాటుగా. ఎదురుగా అనే ధైర్యం ఒక్క ఆమె వదినకే ఉంది.

నిజానికి ఆ పేరంటే బ్రేకు మేడమ్‌కి నామోషీ లేదు, పైపెచ్చు గొప్ప. "నా కారు మీద ఒక్క గీత ఉంటే చూపించండి" అనేది. చూపించడానికి ఉండేది కాదు. మిగతా మాస్టార్ల కార్లు సొట్టలు పడి, ఒక లైటు పగిలి, యుద్ధం నుంచి తిరిగొచ్చినట్టుంటే, ఈమె కారు నిన్ననే షోరూములోంచి దించినట్టుండేది. పిల్లల్ని స్కూల్లో చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులు ఆ కారు చుట్టూ ఒక చుట్టు తిరిగి, "మా వాణ్ణి ఈ మేడమ్ దగ్గరే వెయ్యండి" అని పట్టుబట్టేవారు.

రోడ్డు మీద మనకి ఒకటి కనిపిస్తే ఆమెకి పది కనిపించేవి. ఆగి ఉన్న కారు తలుపు ఉన్నట్టుండి తెరుచుకోవచ్చు. ఫుట్‌పాత్ మీద ఫోన్లో మాట్లాడుతున్న మనిషి చూసుకోకుండా దిగిపోవచ్చు. ఆ గేటులోంచి కుక్క రావచ్చు. రాకపోనూ వచ్చు, కానీ ఈ రెండో మాట దాకా ఆమె మనసు ఎప్పుడూ వెళ్ళేది కాదు. 'రావచ్చు' అనేసరికే కాలు నొక్కేసేది. కారు ఆగేది, కుక్క వచ్చేది కాదు. "చూశావా, ఆగాం కాబట్టి సరిపోయింది" అని నేర్చుకునేవాళ్ళకి పాఠం చెప్పేది. రాని కుక్కని కాపాడిన పుణ్యం కూడా తన ఖాతాలోనే వేసుకునేది.

ఇంట్లోనూ అదే తంతు. గ్యాస్ కట్టేశానో లేదో అని మెట్లన్నీ దిగి మళ్ళీ ఎక్కేది. అచ్చు ప్రెస్సులో పనిచేసే అన్నయ్య కాస్త ఆలస్యమైతే ఆస్పత్రికి ఫోన్ చేసేది. వదిన ఆ ఆస్పత్రిలోనే నర్సు, కాబట్టి ఆ ఫోన్ వదినే ఎత్తేది. "మీ అన్నయ్య ఇంకా మా దగ్గరికి రాలేదు అమ్మాయ్. వస్తే మంచి మంచం చూసి పడుకోబెడతాలే, నువ్వు పెట్టెయ్" అనేది.

అమ్మ మాత్రం కూతుర్ని వెనకేసుకొచ్చేది. "మా పుట్టింటి వైపు అందరికీ ముందుచూపు ఎక్కువ. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?" అనేది. పొయ్యి వెలిగించకముందే ఆకులు పట్టుకు తిరుగుతోంది ఈ పిల్ల అని ఆ తల్లికి తోచలేదు. తోచినా, తనూ అలా తిరిగినదే కాబట్టి తప్పని అనిపించి ఉండదు.

అసలు సంగతి బ్రేకు మేడమ్ ఎవరికీ చెప్పలేదు. పొద్దున లేస్తూనే కడుపులో ముడి. కారెక్కగానే అరచేతుల్లో చెమట. సాయంత్రం ఇంటికొచ్చేసరికి రోజంతా బస్తాలు మోసినంత అలసట, చేసిందేమో కూర్చునే ఉద్యోగం. అందరికీ ఇలాగే ఉంటుందనీ, తక్కినవాళ్ళకి బాధ్యత లేదు గనక పట్టించుకోరనీ ఆమె లెక్క.

ఇలా ఉండగా వదినకి ఒక అవకాశం వచ్చింది. మంచం దిగలేని రోగుల్ని వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి చూసే నర్సు పని. కారు ఆస్పత్రే ఇస్తుంది. నడపడం రావాలి, లైసెన్సు చేతిలో ఉండాలి, అంతే షరతు. వార్డులో వదినకి ఉన్న బాధల్లా ఒకటే. ఒకరికి కట్టు కడుతుంటే ఇంకొకరు పిలుస్తారు, చెప్పే మాట సగంలో ఉండగానే లేచి పరిగెత్తాలి. "ఒక్క రోగి దగ్గరైనా కుర్చీ లాక్కుని కూర్చుని, చెప్పేదంతా వినాలి నాకు" అని ఏళ్ళ తరబడి అంటూనే ఉంది. ఇప్పుడు ఆ కుర్చీ దొరికేలా ఉంది.

"ఇంట్లో మాస్టారమ్మని పెట్టుకుని బయటికెందుకు వెళ్ళడం?" అని మరదలి దగ్గరే చేరింది. స్టీరింగు చక్కగా కుదిరింది, గేర్లు కుదిరాయి, వెనక్కి పెట్టడం అయితే పాత డ్రైవర్లకి కూడా అంత బాగా రాదు. బ్రేకు మేడమ్ మురిసిపోయి, పరీక్షకి తారీఖు తీసుకుంది.

పరీక్ష రోజున ఇన్‌స్పెక్టరు పక్క సీట్లో కూర్చుంటాడు. నేర్పినవాళ్ళు వెనక సీట్లో కూర్చోవచ్చు గానీ నోరు మెదపకూడదు. వదిన ఊరంతా సాఫీగా తిప్పింది. చివరి కూడలి దగ్గర, ఆగాల్సిన తెల్లగీత దగ్గర పడుతుంటే, పైనున్న అద్దంలోకి చూసింది. వెనక వచ్చే బండి కోసం కాదు, మరదలి మొహం కోసం. చూస్తూనే ఉంది. కారు గీత దాటేసింది. ఇన్‌స్పెక్టరే రెండో బ్రేకు నొక్కాల్సి వచ్చింది. అక్కడితో పరీక్ష పోయింది.

స్కూలు ఓనరు పెద్దాయన. జీవితమంతా బస్సు నడిపాడు కాబట్టి అందరికీ బస్సు తాత. ఇన్‌స్పెక్టరు కారు దిగుతూ ఆయనతో నెమ్మదిగా ఒక మాట అన్నాడు. "ఈ కారులో నేర్చుకున్నవాళ్ళకి అన్నీ వస్తాయండీ. కానీ ఆగాల్సిన చోట వీళ్ళు ఆగరు, ఎవరో ఆపుతారని చూస్తారు. ఈమె ఒక్కతే కాదు, ఈ మధ్య అందరూ అంతే."

పేరు పెట్టి ఎవరూ ఏమీ అనలేదు. అయినా గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు బ్రేకు మేడమ్ గబగబా, "అద్దం సరిగ్గా లేదు తాతగారూ, దాన్ని మార్పించాలి" అంది.

ఇంటికి వెళ్ళే దారంతా వదిన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. గుమ్మం దగ్గర మాత్రం, "వచ్చే నెల ఇంకొక్కసారి పరీక్షకి రానిస్తారట. అది కూడా పోతే పని ఇంకో నర్సుకి ఇచ్చేస్తారు. ఆ అమ్మాయికి లైసెన్సు ఎప్పుడో ఉంది" అని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. ఎప్పుడూ ఎగతాళి చేసే మనిషి ఎగతాళి చెయ్యకపోతే ఇల్లంతా బోసిగా ఉంటుంది.

మర్నాడు బస్సు తాత వెనక సీటెక్కి కూర్చున్నాడు. పాఠం అయ్యేదాకా మేడమ్ కాలి వంకే చూశాడు. దిగాక మెకానిక్కుని పిలిచి రెండో బ్రేకుకి ఒక బజరు బిగించమన్నాడు. ఆ పెడల్ మీద కాలు పడితే చాలు, 'గుర్' మని మోగాలి. అంతకు మించి మేడమ్‌ని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఆమెకి తర్వాత అనిపించింది.

ఎందుకంటే ఆ రోజు ఆ కారు కందిరీగల తుట్టె అయింది. వీధి మొదట్లో గుర్. కూరగాయల కొట్టు ముందు గుర్. బడి గోడ పక్కన గుర్ గుర్. బస్టాపులో నిలబడ్డవాళ్ళు తలలు తిప్పి చూశారు.

"ఈ బజరు పాడైంది. గాలికి కూడా మోగుతోంది" అంది మేడమ్.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అంది వదిన, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా.

ఆ మాటకి నవ్వాల్సింది. కానీ మేడమ్‌కి నవ్వు రాలేదు, ఊపిరి కూడా రాలేదు. ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. గుండె గొంతులోకొచ్చి కొట్టుకుంటోంది. ఎదురుగా లారీ కనబడింది, ఆ లారీ తప్ప లోకంలో ఇంకేమీ కనబడలేదు. "పక్కకి ఆపు వదినా. నాకేదో అవుతోంది" అంది. వదిన కారు ఆపి, నాడి పట్టుకుని చూసి, కంగారు పడకుండా తిన్నగా తన ఆస్పత్రికే తీసుకెళ్ళింది. ఫోన్ చేస్తే లైసెన్సు ఉన్న బస్సు తాత వచ్చి స్టీరింగు పట్టాకే లెండి, వదిన రూలు తప్పే మనిషి కాదు.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించింది. గుండె నిక్షేపంగా ఉంది.

"మరి అలా ఎందుకు కొట్టుకుంది?" అంది మేడమ్, కాస్త కోపంగా. ఇంత బాధపడ్డాక ఏమీ లేదనిపించుకోవడం ఎవరికైనా కష్టమే.

"ప్రమాదం ఉందనుకుంది. దాని పని అది చేసింది. ఆ టైములో ఎదురుగా ఏముంది?"

"లారీ."

"ఎంత స్పీడులో వస్తోంది?"

మేడమ్ ఆ రోడ్డుని మళ్ళీ గుర్తు చేసుకుంది. లారీ రావడం లేదు. ఆగి ఉంది. రోడ్డుకి అవతలి వైపు. డ్రైవరు మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ గ్లాసు కూడా కళ్ళకి కడుతోంది.

"దీన్ని ఆందోళన అంటాం" అంది డాక్టరమ్మ. "చాలామందికి ఉంటుంది. పిరికితనం కాదు, మీ తప్పూ కాదు. ఒకటి చెప్పండి. బ్రేకు నొక్కగానే ఎలా ఉంటుంది?"

"పోయిన ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది."

"చిక్కంతా అక్కడే ఉంది. నొక్కబట్టే బతికాం అని ప్రతిసారీ మీ మనసు నేర్చుకుంటోంది. నొక్కకపోయినా బతికేవాళ్ళమే అని తెలుసుకునే అవకాశం దానికి మీరు ఒక్కసారీ ఇవ్వలేదు. మీ దగ్గర నేర్చుకునేవాళ్ళకి కూడా ఇవ్వడం లేదేమో, ఆలోచించండి."

మేడమ్ తలొంచుకుంది. ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు, తెల్లగీత దాటిన కారు కళ్ళముందే ఉంది. వదిన కుర్చీని లాగేసింది తనే.

"భయం పోయే మందివ్వండి" అంది.

"కావాలంటే మందు కూడా ఇస్తాను, కొందరికి అది అవసరం, అందులో చిన్నతనమేం లేదు. ముందు వారానికోసారి రండి, కలిసి పనిచేద్దాం. కానీ అది మొత్తం పోవాలని మాత్రం పంతం పట్టకండి. అది వస్తుంది. వచ్చి పెరుగుతుంది, పెరిగి దానంతటదే తగ్గుతుంది. తగ్గేదాకా కాలు కదపకుండా కూర్చోవడం, అదీ మీరు నేర్చుకోవాల్సింది."

ఇంతమందికి పాఠాలు చెప్పిన మనిషికి కూర్చోవడం నేర్చుకోమంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. బయటికొచ్చి, "నన్నొదిలెయ్ వదినా, తాతగారి దగ్గర నేర్చుకో. నా దగ్గరుంటే నీ ఉద్యోగం పోతుంది" అంది.

వదిన చేతిసంచీ భుజాన సర్దుకుంది. "నాకు ఇంత బాగా వెనక్కి పెట్టడం నేర్పిందెవరు? నువ్వు. ముందుకి నడపడం కూడా నువ్వే నేర్పు. పద."

మొదలుపెట్టారు. బస్సు డిపో వెనక ఖాళీ స్థలంలో, గోడ తప్ప గుద్దుకోవడానికి ఏమీ లేని చోట. వదిన గోడ వైపు నడుపుతుంది, మేడమ్ కాలు వెనక్కి పెట్టుకుని కూర్చుంటుంది. గుండెల్లో రైళ్ళు పరిగెడతాయి, నోరెండిపోతుంది, కాలు దానంతటదే లేస్తుంది. బజరు మోగుతుంది. "మళ్ళీ" అంటుంది వదిన, చిన్నపిల్లకి మందు పట్టే గొంతుతో. మళ్ళీ వెళ్తారు. ఒక రోజు బాగుంటుంది, మర్నాడు మొదటికొస్తుంది. డాక్టరమ్మ దగ్గరికెళ్ళి, "నిన్న అంతా పాడు చేశానండీ" అంటే, ఆవిడ, "నిన్నటి ముందు రోజు సంగతి చెప్పండి" అనేది.

మెల్లగా బజరు తగ్గింది. ఖాళీ స్థలం నుంచి వీధుల్లోకి, వీధుల నుంచి పెద్ద రోడ్డు మీదకి వచ్చారు. ఒక సాయంత్రం ఊరంతా తిరిగొచ్చినా బజరు ఒక్కసారి కూడా మోగలేదు. మేడమ్ కారు దిగి, పరీక్ష తనే పాసైనట్టు ఇల్లంతా చెప్పుకుంది. అన్నయ్య చప్పట్లు కూడా కొట్టాడు. అమ్మ మాత్రం, "బ్రేకు వెయ్యకుండా తిరిగొచ్చారా?" అని గుండె మీద చెయ్యి వేసుకుంది.

మర్నాడు కూడలి దగ్గర రోడ్డు వేస్తున్నారు. రోలరు రొద చెవులు చిల్లులు పడేలా ఉంది. వదిన తెల్లగీత దగ్గరికొచ్చింది, ఆగకుండా దాటేసింది. పక్కనుంచి వస్తున్న ఆటోవాడు సడన్‌గా ఆపి తిట్టాల్సినవన్నీ తిట్టి వెళ్ళాడు.

వదిన కారు పక్కకి పెట్టింది. మేడమ్ కాలు వెనకే ఉంది. తన తప్పేం లేదు, ఈసారి.

"ఏమైంది వదినా? గీత కనబడలేదా?"

"కనబడింది." వదిన స్టీరింగు మీద వేళ్ళు రుద్దుకుంటోంది. "నీ ఊపిరి వినబడలేదు."

"నా ఊపిరా?"

"ఏదైనా దగ్గర పడుతుంటే నువ్వు 'స్స్' అని ఊపిరి లోపలికి లాగుతావు. అది వినబడగానే నేను ఆపుతున్నాను. నీకు చెబుదామంటే, బజరు మోగడం లేదని అంత సంబరపడుతున్నావు. నోరు రాలేదు."

అంటే ఇన్నాళ్ళూ ఆ కారుని ఆపింది మేడమే. కాలితో కాకపోతే ముక్కుతో. ముందు మేడమ్‌కి ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ రెండిటి మధ్యా ముక్కు చీదుకోవడం కుదరలేదు. బస్సు తాతకి చెబితే, "ముక్కుకి బజరు బిగించడం మా మెకానిక్కు వల్ల కాదు తల్లీ, అది నువ్వే చూసుకోవాలి" అన్నాడు.

ఊపిరి బిగబట్టకుండా ఉండాలని ప్రయత్నిస్తే ఇంకా బిగుసుకుంది. దాచుకుంటున్న కొద్దీ అది ఎక్కడో ఒకచోట బయటికొస్తోంది. కాలు ఆపితే ఊపిరిలో, ఊపిరి ఆపితే తలుపు పిడి పట్టుకున్న చేతిలో. చివరికి మేడమ్‌కి విసుగొచ్చింది. దాచడం దేనికి, ఎవరికి తెలియదు కనక? మర్నాడు బడి గోడ దగ్గర పడగానే మామూలు గొంతుతో పైకే చెప్పేసింది.

"నాకు భయంగా ఉంది. అది నా గొడవ. నువ్వు రోడ్డు చూడు."

వదిన రోడ్డు చూసింది. బడి గోడ వెనక్కి వెళ్ళిపోయింది. గోడ పక్కనుంచి ఎవరూ రాలేదు.

ఇక అదే వాళ్ళ పద్ధతి అయింది. "భయంగా ఉంది" అంటుంది మరదలు. "ఉండనీ, దానికేం అడ్డం లేదు" అంటుంది వదిన. "ఇప్పుడు ఇంకా ఎక్కువైంది." "సరే." "ఆ కుక్క రావచ్చు." "రావచ్చు, రాకపోనూ వచ్చు. వస్తే చూసుకుంటా." ఆ మాటలు పెదవుల మీదకి వచ్చేసరికి ఊపిరి దానంతటదే వదులైపోయేది, మాట్లాడేవాళ్ళు ఊపిరి బిగబట్టలేరు కదా. వదినకి ఆ మాటల్లో ఎక్కడ ఆగాలో చెప్పే కబురేమీ లేదు, ఎందుకంటే మేడమ్‌కి రోడ్డు పొడవునా భయమే. కాబట్టి ఎక్కడ ఆగాలో వదినే చూసుకోవాల్సి వచ్చింది. చూసుకుంది కూడా. మొదటి బ్రేకు అరగడం మొదలైంది.

ఒక్కరోజు మాత్రం బజరు మోగింది. బస్టాపులో ఆగి ఉన్న బస్సు ముందు నుంచి ఒక మనిషి చూసుకోకుండా రోడ్డుకి అడ్డంగా పరిగెత్తాడు. వదిన ఆ క్షణంలో పక్కన వస్తున్న బండిని చూస్తోంది. మేడమ్ కాలు పడింది. గుర్. కారు ఆగింది. ఆ మనిషి చెయ్యెత్తి దండం పెట్టి వెళ్ళిపోయాడు.

"పాడు చేశాను" అంది మేడమ్.

ఆ రోజు వెనక సీట్లో ఎక్కిన బస్సు తాత ముందుకి వంగాడు. "ఏం పాడు? ఆ పెడల్ పెట్టిందే దీనికోసం. నొక్కేముందు గుండె దడదడలాడిందా?"

మేడమ్ గుర్తు చేసుకుంది. లేదు. దడ ఇప్పుడొస్తోంది, అంతా అయ్యాక. అప్పుడు మాత్రం లోపల ఏ చప్పుడూ లేదు, కాలు వెళ్ళి తన పని చేసుకుని వచ్చింది, అంతే. నిజంగా ప్రమాదం వస్తే తన కాలికి ఏం చెయ్యాలో తెలుసు. ఆ సంగతి ఆమెకి అంతవరకూ తెలియదు. తెలిశాక కడుపులో ముడి పోలేదు గానీ, దానికి అంతగా లొంగాల్సిన పని లేదనిపించింది.

రెండో పరీక్ష రోజు వచ్చింది. అదే ఇన్‌స్పెక్టరు, అదే రూలు. మేడమ్ వెనక సీట్లో కూర్చుంది. కాలి కింద పెడల్ లేదు, భయంగా ఉందని చెప్పడానికీ లేదు. కారు కదలగానే గుండె అందుకుంది. ఎప్పటికన్నా గట్టిగానే అందుకుంది, ఎందుకంటే ఈసారి పోయేది కారు మీద గీత కాదు. మేడమ్ చేతులు ఒళ్ళో పెట్టుకుని దాన్ని కొట్టుకోనిచ్చింది. 'కొట్టుకో. వదిన కుర్చీ కోసం నేను కదలకుండా కూర్చోవాలి, నువ్వు కొట్టుకో' అనుకుంది.

చివరి కూడలి వచ్చింది. పక్క రోడ్డు మీద లారీ. ఈసారిది ఆగి లేదు. వదిన కళ్ళు అద్దంలోకి వెళ్ళాయి. మేడమ్ చూపు కూడా అద్దంలోనే ఉంది. కానీ వదిన కళ్ళు మేడమ్ మొహం మీద నిలబడలేదు. ఆమె తల పక్కనుంచి, కారు వెనక కిటికీ అవతల దూరంగా వస్తున్న బండిని చూశాయి, చూసి, రోడ్డు మీదకి తిరిగిపోయాయి. కారు నెమ్మదించింది. తెల్లగీతకి ఇవతల, ఒళ్ళో నీళ్ళ గ్లాసు పెట్టుకున్నా తొణకనంత మెత్తగా ఆగింది. లారీ వెళ్ళిపోయింది. వదిన అటూ ఇటూ చూసుకుని మళ్ళీ గేరు వేసింది.

వెనక సీట్లో ఉన్న మనిషి ఆ కారులో ఉందో లేదో కూడా వదినకి ఆ నిమిషంలో గుర్తు లేదు. మేడమ్‌కి కళ్ళనీళ్ళు తిరిగాయి. గీత పడని కారుని చూసుకుని ఇన్నాళ్ళు గర్వపడింది, నిజమే. కానీ ఆ గర్వంలో సగం భయమే ఉండేది, రేపు పడితే ఎలా అని. ఇది అలాంటిది కాదు. తను నేర్పిన మనిషి తన అవసరం లేకుండా ఆగింది. తను అంత భయపడుతూ కూడా ఆగనిచ్చింది. ఈ రెండూ కలిసి ఛాతీలో పట్టనంత అయ్యాయి, గుండె దడకి పక్కకి జరగక తప్పలేదు.

ఇన్‌స్పెక్టరు "పాస్" అన్నాడు. వదిన దిగి, కారు చుట్టూ వచ్చి, మరదల్ని కావలించుకుని, "బతికున్నావా?" అని అడిగింది. "ఉన్నా. చచ్చేంత భయమేసింది" అంది మరదలు. ఇద్దరూ లైసెన్సు ఆఫీసు ముందు నిలబడి పిచ్చివాళ్ళలా నవ్వారు. బస్సు తాత అటు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

కొత్త పనిలో చేరే రోజు పొద్దున, వదిన ఆస్పత్రి కారు వేసుకుని ఒక్కతే బయలుదేరింది. మొదటి ఇంట్లో నడుము విరిగిన పెద్దావిడ ఉంది, ఆవిడకి మాట్లాడే మనిషి దొరక్క నెలలైందట. అమ్మ గుమ్మంలో నిలబడి, "చేరగానే ఫోన్ చెయ్యమని చెప్పకపోయావా?" అంది. "చేరాక వదిన పనిలో ఉంటుందమ్మా. తను రోగి పక్కన కూర్చుని చెప్పేదంతా వినడానికి వెళ్ళింది, మధ్యలో మనమెందుకు?" అంది మేడమ్. ఆ మాట అంటుంటే కడుపులో ముడి పడింది. పడనిచ్చి, చెప్పులు వేసుకుని స్కూలుకి వెళ్ళింది.

స్కూల్లో కొత్తగా చేరినాయన అప్పటికే వచ్చి ఉన్నాడు. కాలేజీలో లెక్కలు చెప్పే మాస్టారు, తల సగం నెరిసింది. కారు తలుపు తెరిచి పట్టుకుని, ఎక్కాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు.

"నాకు రోడ్డంటే చాలా భయం మేడమ్. అది పోయాక నేర్చుకుందామని ఇన్నేళ్ళు ఆగాను. మీ కారు మీద ఒక్క గీత కూడా లేదంటే, మీకు భయమంటే ఏంటో తెలియదని అర్థమైంది. అందుకే మీ దగ్గరికొచ్చాను."

మేడమ్ పక్క సీట్లో కూర్చుని, కాలు వెనక్కి పెట్టుకుంది.

"నాకింకా పోలేదండీ. రోజూ దాంతోనే వస్తాను" అంది. "కూర్చోండి. తాళం తిప్పండి."